ఇంటికి డక్టెడ్ ఏసీ పెట్టించాలంటే: ఫాల్స్ సీలింగ్ పని మొదలుకాకముందే తేల్చుకోవాల్సినవి

గోడ మీద తెల్ల డబ్బా కనపడకుండా, సీలింగ్‌లో సన్నటి గ్రిల్ లోంచి చల్లగాలి దిగితే బాగుంటుందని కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఇంటీరియర్ వాళ్లు చూపించే త్రీడీ బొమ్మల్లో కూడా అలాగే ఉంటుంది. కానీ ఆ బొమ్మలో గ్రిల్ ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనకాల మెషీన్ ఎక్కడ వేలాడుతుంది, గదిలో గాలి తిరిగి మెషీన్‌లోకి ఎటు నుంచి వెళ్తుంది, కారే నీళ్లు ఎటు పోతాయి, రేపు ఫ్యాన్ మోటార్ పోతే మెకానిక్ చెయ్యి ఎలా పెడతాడు, ఈ నాలుగూ ఎక్కడా ఉండవు. మీరు షోరూంకి వెళ్లి కంపెనీల పేర్లు పోల్చుకునే ముందు ఈ నాలుగింటికి మీ ఇంటి ప్లాన్ మీద జవాబు రాసుకోండి. ఏ కంపెనీ మెషీన్ అన్నది ఆ తర్వాతి మాట, దాని వల్ల వచ్చే తేడా కూడా వీటితో పోలిస్తే తక్కువే.

ఇక్కడ చెప్పేదంతా మన దగ్గర కట్టే ఇళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఇండిపెండెంట్ ఇళ్లు, డూప్లెక్స్‌లు, పెద్ద ఫ్లాట్లు.

ముందు, మీకిది నిజంగా కావాలా?

డక్టెడ్ ఏసీ అంటే సీలింగ్ పైన దాచిపెట్టిన ఇండోర్ యూనిట్, దాని నుంచి రేకు గొట్టాలు, ఆ గొట్టాల చివర గ్రిల్స్. బజార్లో దీన్ని డక్టబుల్ అంటారు, కన్సీల్డ్ అని కూడా అంటారు. బయట పెట్టే అవుట్‌డోర్ యూనిట్ మామూలు స్ప్లిట్ ఏసీకి ఉన్నట్టే ఉంటుంది, కాస్త పెద్దది.

హాలు, డైనింగ్ కలిసి ఒకే పెద్ద స్థలంగా ఉన్నప్పుడు దీనికి తిరుగులేదు. 450, 500 చదరపు అడుగుల హాల్లో ఒక మూల గోడకి రెండు టన్నుల స్ప్లిట్ పెడితే సోఫాలో కూర్చున్నవాళ్లకి వణుకు, డైనింగ్ టేబుల్ దగ్గర చెమట. అదే గాలిని నాలుగు గ్రిల్స్‌కి పంచితే ఆ బాధ ఉండదు. 10 అడుగుల పడకగదికి మాత్రం డక్టెడ్ పెట్టడంలో అందం తప్ప పెద్ద లాభం లేదు. ఖర్చు ఎక్కువ, సర్వీసు కష్టం. హాలుకి డక్టెడ్, పడకగదులకి స్ప్లిట్ అనేది చాలా ఇళ్లకి సరిపోయే పద్ధతి, నన్నడిగితే అదే చెప్తాను. దీన్ని ఇంటీరియర్ వాళ్లు అంతగా ఇష్టపడరు, బొమ్మలో గోడ మీద డబ్బా కనపడుతుంది కదా.

అద్దె ఇల్లయితే ఈ ఆలోచనే వద్దు. కట్టి ఉన్న ఇంట్లో సీలింగ్ అంతా అయిపోయాక పెట్టించుకోవాలన్నా సగం సీలింగ్ కొట్టించాల్సి వస్తుంది.

ఏ రకం?

ఇళ్లకి మూడు దారులున్నాయి.

ఒకటి, ఒక్కో స్థలానికి ఒక్కో యూనిట్. హాలుకి ఒకటి, మాస్టర్ బెడ్‌రూంకి చిన్నది ఒకటి, దేని అవుట్‌డోర్ దానికే. ఒకటి పాడైతే మిగతావి నడుస్తాయి.

రెండు, ఇల్లంతటికీ ఒకే పెద్ద యూనిట్ పెట్టి ప్రతి గదికీ డక్ట్ లాగడం. ఆస్ట్రేలియాలో, అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లు చూసి వచ్చి ఇలాగే కావాలని అడిగేవాళ్లు ఉంటారు. అక్కడి ఇళ్లు చెక్క ఫ్రేముతో, పైన అటక ఖాళీగా, గోడల్లో ఇన్సులేషన్‌తో కడతారు, ఇంట్లో అన్ని గదుల్నీ ఒకే తీరున చల్లగానో వెచ్చగానో ఉంచుకోవడం అలవాటు. మనం అలా కాదు. పగలు ఏసీ ఆపేసి రాత్రి పదింటికి పడుకునే గదిలో మాత్రం వేసుకుంటాం. ఒక్క గది కోసం ఎనిమిది టన్నుల మెషీన్ నడపడం ఎంత దండగో చెప్పక్కర్లేదు. డక్ట్‌లో మోటార్‌తో తెరుచుకుని మూసుకునే డ్యాంపర్లు, అంటే రేకు తలుపులు పెట్టి జోన్లుగా విడగొట్టొచ్చు, కానీ మూడు గదులు మూసేసి ఒక్కదానికే గాలి వదిలితే ఆ సన్నటి డక్ట్‌లో ప్రెజర్ పెరిగి గ్రిల్ దగ్గర ఈల మొదలవుతుంది, మెషీన్ లోపల గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచు కూడా కట్టొచ్చు. దాన్ని సరిగ్గా డిజైన్ చేసేవాళ్లు దొరికితే తప్ప ఈ దారి పట్టకండి.

మూడోది వీఆర్‌ఎఫ్. ఒక పెద్ద అవుట్‌డోర్‌కి చాలా ఇండోర్‌లు కలుపుతారు, ఏ గదికి ఎంత కావాలో అంతే గ్యాస్ వెళ్తుంది. డాబా మీద చోటు తక్కువగా ఉన్న పెద్ద విల్లాలకి, అయిదారు గదులకి మించి ఏసీ కావాల్సిన ఇళ్లకి బాగుంటుంది. అయితే ఆ ఒక్క అవుట్‌డోర్ మొరాయిస్తే మే నెలలో ఇల్లంతా ఉడికిపోతుంది, కాబట్టి మీ ఊళ్లో దాని సర్వీసు ఎవరు చేస్తారో, విడిభాగాలు ఎన్ని రోజుల్లో వస్తాయో అడిగి తెలుసుకోండి. హైదరాబాద్‌లో ఇది పెద్ద సమస్య కాదు. చిన్న పట్నాల్లో టెన్షనే.

టేపు తీసుకుని ఎత్తు కొలవండి

ఫ్లోర్ నుంచి స్లాబ్ అడుగు వరకు 10 అడుగులు ఉందనుకుందాం. పెద్ద హాలుకి పెట్టే ఇండోర్ యూనిట్, వేలాడదీసే రాడ్లు, డక్ట్, దాని చుట్టూ ఇన్సులేషన్, కింద సీలింగ్ ఫ్రేము, అన్నీ కలిపితే అటూ ఇటూగా 15 అంగుళాలు పోతాయి. మిగిలేది 8 అడుగుల 9 అంగుళాలు. చిన్న గదికి పర్లేదు, కానీ 24 అడుగుల పొడవున్న హాల్లో సీలింగ్ నెత్తి మీదకి దిగినట్టు ఉంటుంది, ఫ్యాన్ కూడా ఆ ఎత్తు నుంచే వేలాడాలి మరి.

దీనికి మనవాళ్లు ఎక్కువగా చేసే ఉపాయం, గది అంచుల వెంట మాత్రమే సీలింగ్ దింపి మధ్యభాగం స్లాబ్ ఎత్తులోనే వదిలేయడం. ఆ అంచు లోపల మెషీన్, డక్ట్ ఉంటాయి, గ్రిల్స్ అంచు పక్కభాగంలో పెట్టి గాలిని అడ్డంగా హాలు మధ్యకి వదులుతారు. చూడ్డానికీ బాగుంటుంది, ఎత్తూ పోదు.

పడకగదిలో డక్టెడ్ కావాలనే పట్టుదల ఉంటే హోటల్ రూంని గుర్తు చేసుకోండి. తలుపు తీయగానే పక్కన బాత్రూం, దాని ముందు చిన్న నడవ, ఆ నడవ మీద మాత్రం సీలింగ్ కిందకి ఉంటుంది. మెషీన్ ఉండేది అక్కడే. గది ఎత్తు మారే చోట నిలువు గోడలో గ్రిల్ పెట్టి గాలిని గదిలోకి వదులుతారు, నడవ సీలింగ్‌లో ఉన్న ఇంకో గ్రిల్ లోంచి గది గాలి తిరిగి మెషీన్‌లోకి వెళ్తుంది. మీ ఇంట్లో అటాచ్డ్ బాత్రూం ముందు కాస్త చోటు ఉన్నా, డ్రెస్సింగ్ ఏరియా ఉన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది. డక్ట్ పొడవు రెండు మూడు అడుగులకి మించదు, గది ఎత్తు తగ్గదు. మెషీన్‌ని బాత్రూం సీలింగ్ పైన పెట్టాల్సి వస్తే మాత్రం బాత్రూం గాలి దాంట్లోకి చొరబడకుండా గది గాలి తిరిగి వచ్చే రిటర్న్ గొట్టాన్ని విడిగా గది వరకు లాగించండి.

బీములు మర్చిపోవద్దు. గోడల మీద స్లాబ్ కింద కనీసం తొమ్మిది అంగుళాలు, అడుగు మేర బీము దిగి ఉంటుంది. డక్ట్ ఆ గదిలోంచి ఈ గదిలోకి వెళ్లాలంటే బీము కిందుగానే వెళ్లాలి. ఇల్లు ఇంకా సెంట్రింగ్ దశలో ఉంటే కాపర్ పైపులకీ, డ్రెయిన్‌కీ బీములో ఎక్కడ స్లీవ్ (పైపు దూరడానికి ముందే వదిలే కన్నం) వదలాలో స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో గుర్తు పెట్టించండి. స్లాబ్ పడ్డాక "చిన్న బొక్కే కదా సార్" అంటూ డ్రిల్ మెషీన్‌తో వచ్చేవాడిని బీము దగ్గరకి రానివ్వకండి. హైదరాబాద్‌లో ఈమధ్య కడుతున్న ఎత్తైన టవర్లలో చాలావాటికి మైవాన్ పద్ధతిలో గోడలు కూడా కాంక్రీటుతోనే పోస్తున్నారు. అలాంటి ఫ్లాట్ అయితే ఏ గోడకి కోర్ కటింగ్ (మెషీన్‌తో గుండ్రటి కన్నం) చేయాలన్నా బిల్డర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సిందే.

ఎన్ని టన్నులు?

ఒక టన్ను అంటే గంటకి 12,000 బీటీయూల వేడిని గదిలోంచి లాగేయడం, కిలోవాట్లలో సుమారు 3.5. మన వాతావరణానికి పది మందీ వాడే లెక్క 120 చదరపు అడుగులకి ఒక టన్ను. పైన ఇంకో అంతస్తు ఉండి, పడమటి ఎండ తగలని గదికి 150 అడుగుల దాకా లాగొచ్చు. పైన నేరుగా డాబా ఉండి, పడమర వైపు పెద్ద అద్దాల కిటికీ ఉంటే 100కి దింపాలి.

ఉదాహరణకి 20 అడుగులు, 24 అడుగుల హాలు-డైనింగ్. మొత్తం 480 చదరపు అడుగులు, కాబట్టి 4 టన్నులు. అదే పై అంతస్తులో ఉంటే దాదాపు 5, కింద నీడపట్టున ఉంటే మూడున్నర దగ్గర ఆగొచ్చు. ఇది అంచనా మాత్రమే. మంచి కాంట్రాక్టర్ అయితే గోడలు ఏ దిక్కున ఉన్నాయి, అద్దం ఎంత, మనుషులు ఎంతమంది, లైట్లు ఎన్ని అని అడిగి హీట్ లోడ్ లెక్క కాగితం మీద ఇస్తాడు. అడగండి. "అనుభవం ఉంది సార్, చూస్తేనే చెప్పేస్తాం" అంటే ఇంకొకరిని పిలవండి.

ఎక్కువైతే పోయేదేముంది, ఎందుకైనా మంచిది అని ఒక టన్ను పెంచేస్తుంటారు. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో ఇది బెడిసికొడుతుంది. మరీ పెద్ద మెషీన్ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమని పిండేంతసేపు నడవదు. థర్మామీటర్ 24 చూపిస్తుంది, ఒంటికి మాత్రం జిడ్డుగా, బెడ్‌షీటు చెమ్మగా ఉంటుంది. ఇన్వర్టర్ మెషీన్ అయితే వేగం తగ్గించుకుని నడుస్తుంది కాబట్టి కొంత నయం, అయినా దానికీ ఒక హద్దుంది.

రామగుండం, ఆదిలాబాద్, రెంటచింతల వైపు వాళ్లకి ఇంకో సంగతి. క్యాటలాగ్‌లో రాసే టన్నులు బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మేలో మీ దగ్గర 45 ఉంటే అదే మెషీన్ అంత చల్లదనం ఇవ్వలేదు. 46 డిగ్రీల దగ్గర ఎంత ఇస్తుందో కంపెనీ టేబుల్‌లో ఉంటుంది, దాన్ని తెప్పించుకుని చూడండి.

పై అంతస్తు వాళ్లు టన్ను పెంచే ముందు డాబా సంగతి చూసుకుంటే ఖర్చు తగ్గుతుంది. తెల్ల కూల్‌రూఫ్ పెయింటో, తెల్ల టైల్సో వేయిస్తే స్లాబ్ కాలడం బాగా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

గాలి దారి

డక్టెడ్ ఏసీలో ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

టన్నుకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి. దీన్నే సీఎఫ్‌ఎం అంటారు. మన 4 టన్నుల హాలుకి 1600 సీఎఫ్‌ఎం. ఇంట్లో చప్పుడు లేకుండా ఉండాలంటే మెయిన్ డక్ట్‌లో గాలి వేగం నిమిషానికి 800 అడుగులకి అటూ ఇటూగా ఉంటే బాగుంటుంది. 1600ని 800తో భాగిస్తే 2 చదరపు అడుగులు, అంటే 288 చదరపు అంగుళాలు. 24 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తున్న డక్ట్ సరిపోతుంది. సీలింగ్ ఎత్తు కోసం దాన్ని పల్చగా చేయాలనుకుంటే 29 వెడల్పు, 10 ఎత్తు. ఈ చిన్న లెక్క మీ చేతిలో ఉంటే చాలు, ఎవరైనా 18 అంగుళాలు, 8 అంగుళాల డక్ట్ గీసిన డ్రాయింగ్ తెస్తే అక్కడే పట్టేయొచ్చు. దాని వైశాల్యం 144 చదరపు అంగుళాలే, కావాల్సిన దాంట్లో సరిగ్గా సగం. అలాంటి డక్ట్‌లో గాలి రెట్టింపు వేగంతో దూసుకెళ్లాలి, టీవీ సౌండు పెంచుకోవాలి.

రిటర్న్ మీద అందరూ పీనాసితనం చూపిస్తారు. గదిలో గాలి తిరిగి మెషీన్‌లోకి వెళ్లే గ్రిల్ అది. పెద్దగా ఉంటే సీలింగ్ అందం పోతుందని డిజైనర్ దాన్ని చిన్నది చేస్తాడు, ఒక్కోసారి మొత్తానికే తీసేసి "సీలింగ్ పైన ఖాళీ ఉంది కదా, అక్కడ నుంచి తీసుకుంటుంది" అంటాడు. ముక్కు మూసుకుని పరుగెత్తినట్టు ఉంటుంది అప్పుడు మెషీన్ పని. రిటర్న్ గ్రిల్ దగ్గర గాలి వేగం నిమిషానికి 400 అడుగులు దాటకూడదనుకుంటే మన హాలుకి 4 చదరపు అడుగులు కావాలి. అంటే 48 అంగుళాలు, 12 అంగుళాల గ్రిల్. అవును, పెద్దదే. దాన్ని పొడవాటి లైన్ గ్రిల్‌గా చేసి సీలింగ్ డిజైన్‌లో కలిపేసే పని డిజైనర్‌ది, వాళ్లకి డబ్బులిచ్చేది అందుకే. గ్రిల్ కిందకి తెరుచుకునేలా కీలు పెట్టించి ఫిల్టర్ అక్కడే పెట్టిస్తే, స్టూల్ ఎక్కి మీరే తీసి కడుక్కోవచ్చు.

రిటర్న్ ఎక్కడ ఉండాలన్నది కూడా చూసుకోండి. గాలి వచ్చే గ్రిల్ పక్కనే రిటర్న్ పెడితే చల్లగాలి గదిలోకి రాకుండానే తిరిగి లోపలికి పోతుంది, మెషీన్ గది చల్లబడిందని భ్రమపడుతుంది. ఓపెన్ కిచెన్ ఉన్న ఇళ్లలో రిటర్న్‌ని వంటింటికి వీలైనంత దూరంగా పెట్టించాలి. లేదంటే ఎండుమిర్చి తాలింపు వేసిన రెండు నిమిషాల్లో ఆ ఘాటు నాలుగు గ్రిల్స్ లోంచి హాలంతా దిగుతుంది, అందరికీ తుమ్ములు, దగ్గులు. నూనె జిడ్డు కాయిల్‌కి పట్టుకుందంటే అదో తలనొప్పి, దుమ్ము దానికి అతుక్కుపోయి మామూలు నీళ్లతో కడిగితే పోదు. పూజగది ముందు కూడా వద్దు, అగరుబత్తి పొగ ఎటు పోతుందో మీకు తెలుసు.

రెండు గదులకి ఒకే యూనిట్ పెట్టి రిటర్న్ మాత్రం హాల్లోనే ఉంచితే, పడకగది తలుపు వేసిన క్షణం నుంచి ఆ గదిలోకి వెళ్లిన గాలికి బయటికి వచ్చే దారి ఉండదు. తలుపు కింద ముప్పావు అంగుళం, అంగుళం సందు వదలాలి, లేదా గోడలో ఒక గ్రిల్ పెట్టాలి. రెండు పడకగదుల్ని ఒకే డక్ట్‌తో కలపడం అసలే వద్దు. ఈ గదిలో గొణిగింది ఆ గదిలో వినిపిస్తుంది.

డూప్లెక్స్‌లో రెండంతస్తుల ఎత్తు హాలుకి గ్రిల్స్‌ని పైన 20 అడుగుల మీద సీలింగ్‌లో పెట్టించకండి. మనుషులు ఉండేది కింద ఆరడుగుల్లో. 9, 10 అడుగుల ఎత్తులో పక్కగోడ నుంచి అడ్డంగా వదిలితే కింద భాగం చల్లబడుతుంది, పైన వేడి పైనే ఉంటుంది. అలాగే మెట్ల దారి తెరిచి ఉన్న ఇంట్లో పై అంతస్తు లాంజ్‌కి ఏసీ వేస్తే ఆ చల్లగాలి మెట్లమీదుగా కిందకి జారిపోతూనే ఉంటుంది, ఎన్ని టన్నులు పెట్టినా చాలదు. ముందుగా అక్కడో అద్దం తలుపు పెట్టగలరేమో చూడండి.

ఇండోర్ యూనిట్‌కి స్టాటిక్ ప్రెజర్ అని ఒక అంకె ఉంటుంది, ఫ్యాన్ ఎంత బలంగా గాలిని నెట్టగలదో చెప్పేది. పల్చటి యూనిట్లకి 10 నుంచి 30 పాస్కల్స్ ఉంటుంది, అవి రెండడుగుల డక్ట్‌కే పనికొస్తాయి. హాలు చుట్టూ తిరిగే డక్ట్‌కి ఇంకా ఎక్కువ కావాలి. తక్కువ ఎత్తు ఉందని పల్చటి యూనిట్ కొని దానికి 25 అడుగుల డక్ట్ తగిలిస్తే చివరి గ్రిల్ దగ్గర చెయ్యి పెట్టినా గాలి తగలదు.

డక్ట్‌కి జీఐ (జింక్ పూత ఉన్న ఇనుము) రేకు 24 గేజ్ వాడించండి, ఇళ్లలో వచ్చే సైజులకి సరిపోతుంది. బయట చుట్టూ నైట్రైల్ రబ్బరు ఇన్సులేషన్ ఖాళీ లేకుండా అంటించాలి, ముఖ్యంగా మూలల దగ్గర, డక్ట్ ముక్కలు కలిసే ఫ్లాంజ్‌ల దగ్గర. అక్కడ అరంగుళం వదిలేసినా వర్షాకాలంలో రేకుకి చెమట పట్టి జిప్సం బోర్డు మీద పసుపు మరకలు పడతాయి. మెషీన్‌కీ డక్ట్‌కీ మధ్య కాన్వాస్ ముక్క ఉండాలి, లేకపోతే మెషీన్ అదురు రేకంతా పాకుతుంది. మొదటి కొన్ని అడుగుల డక్ట్‌కి లోపలి వైపు అకౌస్టిక్ లైనింగ్ వేస్తే చప్పుడు ఇంకా తగ్గుతుంది. ప్రతి గ్రిల్ వెనకాల చిన్న డ్యాంపర్ ఉండాలి, ఏ గ్రిల్‌కి ఎంత గాలి అన్నది తర్వాత సరిచేసుకోవడానికి. వెండి రంగు ఫ్లెక్సిబుల్ గొట్టం అక్కడక్కడ రెండు మూడడుగులు పర్లేదు, ఇల్లంతా దాంతోనే లాగేస్తానంటే ఒప్పుకోకండి.

నీళ్లు, కరెంటు, బయట పెట్టే యూనిట్

తేమ ఎక్కువున్న రోజుల్లో 4 టన్నుల మెషీన్ గంటకి కొన్ని లీటర్ల నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు వాటంతట అవే పారాలి. డ్రెయిన్ పైపు ప్రతి వంద అంగుళాలకీ కనీసం ఒక అంగుళం వాలుగా ఉండాలి, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు, దానికీ ఇన్సులేషన్ ఉండాలి. వాలు కుదరకపోతే డ్రెయిన్ పంపు పెట్టొచ్చు. పంపు ఆగితే నీళ్లు సీలింగ్ మీదే కాబట్టి నీటిమట్టం పెరిగితే మెషీన్ ఆగిపోయే ఫ్లోట్ స్విచ్ ఉన్నది చూసుకోండి. బాత్రూం డ్రెయిన్‌కి కలిపేటప్పుడు నీళ్లు నిలిచే ట్రాప్ లేకపోతే ఆ వాసన ఏసీలోకి వస్తుంది, చాలామంది ఫిల్టర్ మురికి అనుకుని దాన్నే కడుగుతూ కూర్చుంటారు.

కరెంటు లెక్క తేలిక. టన్నులని 3.5తో గుణిస్తే చల్లదనం కిలోవాట్లలో వస్తుంది, దాన్ని మెషీన్ లాగే కరెంటుతో భాగిస్తే ఈఈఆర్, అంటే కరెంటుకి ఎంత చల్లదనం వస్తుందో చెప్పే అంకె. 4 టన్నుల మెషీన్ 14 కిలోవాట్ల చల్లదనానికి 4.4 కిలోవాట్లు లాగితే ఈఈఆర్ దాదాపు 3.2. పూర్తి బలంతో రోజుకి 5 గంటలు నడిస్తే 22 యూనిట్లు, నెలకి 660. ఇన్వర్టర్ మెషీన్ గది చల్లబడ్డాక తగ్గించుకుంటుంది కాబట్టి అసలు బిల్లు దీనికంటే తక్కువే వస్తుంది, అయినా ముందుగా పై అంకెకే సిద్ధపడండి. స్టార్ స్టిక్కర్ లేని మోడల్ చూపిస్తే ఈ ఈఈఆర్ అంకె మీరే కట్టి రెండు కంపెనీలని పోల్చుకోండి. మీ మీటర్ కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో బిల్లులో చూసి, చాలకపోతే డిస్కంకి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. పెద్ద మెషీన్లు చాలావరకు త్రీఫేజ్ మీద నడుస్తాయి, కాబట్టి వైరింగ్ వేసేటప్పుడే డీబీ (ఇంటి కరెంటు పంచే బోర్డు) నుంచి విడిగా లైను, విడిగా ఎంసీబీ లాగించండి.

గ్యాస్ విషయంలో కొత్తవన్నీ దాదాపు ఆర్32, లేదా ఆర్410ఏ. వాతావరణానికి ఆర్32 వల్ల హాని తక్కువ, కానీ కొద్దిగా మండే గుణం ఉంది, కాబట్టి చిన్న గదిలో ఎంత గ్యాస్ ఉండొచ్చన్నదానికి కంపెనీ పరిమితులు పాటించాలి. పాత స్టాకులో ఆర్22 మెషీన్ చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి, మన దేశంలో దాన్ని దశలవారీగా ఆపేస్తున్నారు.

అవుట్‌డోర్‌ని అపార్ట్‌మెంట్ షాఫ్ట్‌లో దూర్చడం మన దగ్గర మామూలైపోయింది. కింది అంతస్తు మెషీన్ వదిలిన వేడిగాలి పైఅంతస్తు మెషీన్ పీలుస్తుంది, అది వదిలింది దాని పైది. మీది పై అంతస్తయితే ఆ పాపం మొత్తం మీ బిల్లులో కనిపిస్తుంది. ముందు నాలుగడుగులైనా ఖాళీ ఉండే చోటు, మనిషి నిలబడి పని చేయగల చోటు చూడండి. డాబా మీదైతే పైన నీడ వేయొచ్చు, గాలి వదిలే వైపు మాత్రం అడ్డం ఉండకూడదు. పైపు పొడవుకీ, ఇండోర్‌కీ అవుట్‌డోర్‌కీ మధ్య ఎత్తుకీ కంపెనీ పెట్టిన హద్దు ఉంటుంది, జీప్లస్‌టూ ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్ మెషీన్‌కి డాబా మీద అవుట్‌డోర్ పెట్టాలంటే అది చూసుకోవాలి.

కొటేషన్ చేతికొచ్చాక

"4 టన్నుల డక్టబుల్, ఫిట్టింగుతో సహా, ఇంత" అని ఒక్క లైను రాసిచ్చే కొటేషన్‌ని పక్కన పడేయండి. మెషీన్ మోడల్ నంబరు, డక్ట్ ఎన్ని చదరపు అడుగులు, రేకు గేజ్, ఇన్సులేషన్ మందం, కాపర్ పైపు ఎన్ని అడుగులు, గ్రిల్స్ సైజులు, డ్రెయిన్, కేబుల్, స్టాండు, అన్నీ విడివిడిగా ఉండాలి. డక్ట్, కాపర్ బిల్లు చివర్లో కొలిచి వేస్తారు, ఆ కొలత సీలింగ్ మూయకముందే మీరు పక్కన ఉండి తీయించుకోవాలి, తర్వాత ఎవరూ చూడలేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కొటేషన్ పాత రేటుతో లేదు కదా అని ఒకసారి చూడండి. వారంటీలో కంప్రెసర్‌కి ఇన్నేళ్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, ఇండోర్ కాయిల్‌కీ, పీసీబీ అనే ఎలక్ట్రానిక్ బోర్డుకీ ఎన్నేళ్లో చిన్న అక్షరాల్లో వెతకండి. డబ్బు మూడు వాయిదాలుగా ఇచ్చేలా మాట్లాడుకుని, చివరిది ఏసీ నడిచి చూపించాకే ఇవ్వండి.

సీలింగ్ బోర్డు బిగించే ముందు

ఈ పూట మీరు సైటులో ఉండి తీరాలి, ఆఫీసుకి సెలవు పెట్టుకున్నా పర్లేదు.

కాపర్ లైనులో నైట్రోజన్ నింపి కంపెనీ మాన్యువల్ చెప్పిన ప్రెజర్‌లో ఒక రోజంతా ఉంచమనండి. గేజ్ ఫోటో సాయంత్రం ఒకటి, మర్నాడు అదే వేళకి ఒకటి తీసుకోండి. ముల్లు కిందకి దిగితే లీకు ఉన్నట్టే. తర్వాత పైపులోని గాలిని లాగేయడానికి వాక్యూం పంపు పెట్టాలి, గ్యాస్ వదిలి గాలిని తోసేయడం కాదు.

డ్రెయిన్ ట్రేలో ఒక సీసా నీళ్లు మెల్లగా పోయించి, అవతలి చివర ఎంత వచ్చిందో చూడండి. ట్రేలో నీళ్లు నిలిచి ఉంటే మెషీన్ మట్టం సరిగ్గా లేదు, రాడ్ నట్లు తిప్పి సరిచేయాలి.

డక్ట్ కీళ్ల దగ్గర సీలెంట్ పూశారా, టేపుతో సరిపెట్టారా చూడండి. ఆ తర్వాత మెషీన్ కింద 2 అడుగులు, 2 అడుగుల ట్రాప్ డోర్‌కి చోటు గుర్తు పెట్టించండి. అది మోటార్, పీసీబీ, డ్రెయిన్ ట్రే మూడింటికీ చెయ్యి అందేలా ఉండాలి. ఇక్కడ డిజైనర్ గొడవ పెడతాడు, ఏడాదికి రెండుసార్లు సర్వీసుకి వచ్చేవాడు తిట్టుకోకుండా పని చేయాలంటే మీరు వెనక్కి తగ్గకూడదు. సీలింగ్ పైన ఉన్న అన్నిటినీ, పైపుల దారులనీ పక్కన టేపు పెట్టి ఫోటోలు తీసి దాచుకోండి. రేపు ఫ్యాన్‌కో, షాండ్లియర్‌కో డ్రిల్ వేసేటప్పుడు పనికొస్తాయి.

అంతా బిగించి మొదటిసారి నడిపేటప్పుడు ప్రతి గ్రిల్ దగ్గర ఎనిమోమీటర్‌తో గాలి వేగం కొలిచి రాసివ్వమనండి. నాలుగు గ్రిల్స్ ఉంటే నాలుగింటికీ దాదాపు ఒకే అంకె రావాలి, రాకపోతే డ్యాంపర్లు సరిచేయాలి. తలుపులు కిటికీలు మూసి, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం 24 మీద పెట్టి రెండు గంటలు నడిపించండి. చలికాలంలో చేయించుకుంటే ఆ పరీక్ష ఏప్రిల్‌లో ఇంకోసారి చేసే బాధ్యత తనదేనని కాంట్రాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి.

ఫిల్టర్ వేసవిలో రెండు వారాలకోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి కడగండి. ఇల్లు కొత్తదైతే గృహప్రవేశం అయ్యాక మొదటి నెలలో ఇంకా ముందే చూడాలి, పుట్టీ రాపిడి చేసిన దుమ్ము గచ్చు తుడిచినా ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటుంది. అసలు పుట్టీ, పాలిష్ పనులు జరుగుతున్నంతసేపూ గ్రిల్స్‌కి ప్లాస్టిక్ షీటు అంటించి ఉంచండి, పెయింటర్లు ఉక్కగా ఉందని అడిగినా మెషీన్ ఆన్ చేయనివ్వకండి.